ఇనుమును తొలిచే ఉక్కు

పోయిన వేసవిలో ఒకనాటి సాయంకాలం మా మేనల్లుడు వచ్చి, చొక్కా జేబులోనుండి ఒక కాగితపు పొట్లం తీసి నా ముందు బల్ల మీద పెట్టినాడు. విప్పి చూతును గదా, పదకొండు డ్రిల్లు బిట్లు! కొన్నింటికి మొనలు విరిగినవి. కొన్నింటికి మొనలు అరిగి గుండ్రబడి, నీలంగా మాడిపోయినవి. మాడని చోటల్లా బంగారపు రంగు పూత ధగధగలాడుతూనే ఉన్నది.

"మామయ్యా, ఇవి సోమవారం కొన్నవి. ఈవేళ గురువారం," అన్నాడు.

అతడు రాజపాళయంలో తెంకాశి రోడ్డు పక్క సందులో చిన్న లేతు పట్టరై పెట్టుకొని రెండేళ్ళయినది. చత్రపట్టి వైపు బ్యాండేజి గుడ్డ నేసేవారొకరు అతనికి ఒక పని ఇచ్చినారట. నాలుగు మిల్లీమీటర్ల మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు అరవై. ఒక్కొక్కదానికి ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగు. మొత్తం రెండువందల నలభై బెజ్జాలు. శనివారం ఇవ్వవలెను. పట్టీలు వారివి, చెడితే వెల ఇతనిది. అడ్వాన్సుగా ఇచ్చిన డబ్బు పాప బడి జీతానికి అప్పుడే కట్టివేసినాడు. మూడు రోజుల్లో ముప్పైయొక్క బెజ్జాలు పూర్తయినవి. మరి తొమ్మిది సగంలో ఆగిపోయినవి. ఎంత అదిమినా బిట్టు లోపలికి దిగదు. కీచుమని అరుస్తుంది, పొగ వస్తుంది, అంతే.

"బిట్లు మంచివి కావు మామయ్యా, మోసపోయినాను," అన్నాడు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం. ఈ పొరపాటు మా వాడొక్కడిదే కాదు. ఇంట్లో కిటికీ గ్రిల్లుకు బెజ్జం వేయబోయి, గోడకు వేసే బిట్టు పెట్టి చేతులు నొప్పి పుట్టించుకొన్న పెద్దమనుషులు మనలో ఎందరో ఉన్నారు.

మన ఊరిని బయటివాళ్ళు నూలు ఊరంటారు. మామిడిపండ్ల ఊరనీ, వేటకుక్కల ఊరనీ అన్నా అంటారు. ఇనుము ఊరని మాత్రం ఎవరూ అనరు. కాని నూలు వడకేది ఇనుమే గదా! 1936లో పి. ఏ. సి. రామసామి రాజా గారు రాజపాళయం మిల్లు స్థాపించినది మొదలు, ఈ ఊరిలో మిల్లు ఉన్నచోటల్లా ఒక ఫిట్టింగు షాపు, ఫిట్టింగు షాపు ఉన్నచోటల్లా ఒక డ్రిల్లింగు మెషీను ఉంటూ వచ్చినవి. 1963లో ఆయన పేరిట పాలిటెక్నిక్ వచ్చిన తరువాత చదువుకొన్న పిల్లలు కూడ ఆ పనిలోకి వచ్చినారు. మనవాళ్ళు ఇంట్లో బెజ్జం అంటారు, పట్టరైలో అడుగు పెట్టగానే అదే ఓట్టై అయిపోతుంది. ఇంటి తెలుగుకూ పని తమిళానికీ మధ్య మనం అలవాటుగా దాటే గడపలలో ఇదొకటి.

నేను 1971లో ఒక మిల్లులో అప్రెంటిసుగా చేరినాను. మొదటి ఆరు మాసాలూ మా మేస్త్రి గారు నన్ను కొత్త బిట్టు ముట్టనివ్వలేదు. మొండిబారిన పాత బిట్లు ఒక డబ్బానిండా ఇచ్చి, సాన పట్టుకొని రమ్మనేవారు. పట్టి తెచ్చినవి చూసి, మాట లేకుండా మళ్ళీ డబ్బాలో పడవేసేవారు. అప్పుడు నాకు అది కక్షగా తోచినది. ఆయన తమిళుడు, నేను తెలుగువాణ్ణి, అందుకేనేమో అని కూడ అనుకొన్నాను. ఆ తెలివితక్కువతనం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. ఆయన చెప్పినవే నాకు ఇప్పటికీ తిండి పెడుతున్న మాటలు.

ముందు బిట్టు అంటే ఏమిటో చూడండి. మన వడ్రంగుల బరమాకు ఉండే బల్లపరుపు మొన వేలయేళ్ళ నాటిది. ఇనుముకు బెజ్జం వేయడానికి కూడ చాలాకాలం అటువంటి బల్లపరుపు మొనలే వాడినారు. రజను బెజ్జంలోనే ఇరుక్కొనేది. మాటిమాటికీ పైకి తీసి దులుపవలసి వచ్చేది. 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన గుండ్రని ఉక్కు కడ్డీలో రెండు మెలిక గాళ్ళు కోసి కొత్త బిట్టుకు పేటెంటు పుచ్చుకొన్నాడు. మొన కోస్తూ ఉంటే రజను ఆ గాళ్ళ వెంట తానే పైకి ఎక్కి వస్తుంది. ఈనాడు మన చేతిలో ఉన్నది అదే. ఆకారం నూటయరవై యేళ్ళుగా పెద్దగా మారలేదు. మారినదల్లా ఉక్కు.

ఆ ఉక్కు కథ తెలిస్తే బిట్టు కొనడం సగం వచ్చినట్లే. మోర్స్ నాటివి మామూలు కార్బను ఉక్కు బిట్లు. అవి చల్లగా ఉన్నంతసేపు గట్టివే. రాపిడికి వేడెక్కి రెండు వందల డిగ్రీలు దాటేసరికి వాటి గట్టితనం సడలడం మొదలుపెడుతుంది. నీలం రంగు తిరిగినదంటే ఆ మేర పాడైనట్లే, దానిని అరగదీసి పారవేయవలసినదే. 1900లో పారిస్ ప్రదర్శనలో అమెరికావారు ఒక వింత చూపినారు. టెయిలర్, వైట్ అనే ఇద్దరు తయారుచేసిన కొత్త ఉక్కు మొన ఎర్రగా కాలుతూ కూడ ఇనుమును కోస్తూనే ఉన్నది! టంగ్‌స్టను, క్రోమియం కలిపిన ఆ ఉక్కుకే హైస్పీడు స్టీలని పేరు వచ్చినది. ఇప్పుడు బిట్టు మెడమీద ఎచ్.ఎస్.ఎస్. అని కొట్టి ఉండేది అదే. సుమారు ఆరువందల డిగ్రీల దాకా అది పదును నిలుపుకొంటుంది. దానిలో అయిదు నుండి ఎనిమిది పాళ్ళు కోబాల్టు కలిపితే ఇంకా వేడికి తట్టుకొంటుంది. కాని కొంచెం పెళుసు. అంతకన్న గట్టిది టంగ్‌స్టను కార్బైడు. జర్మనీలో క్రుప్ కంపెనీ 1926లో దానిని విడియా అనే పేరుతో అమ్మకానికి తెచ్చినది. వజ్రం వంటిదని ఆ పేరుకు అర్థం. గట్టితనంలో ఆ పేరు తగును. అయితే గాజువలె విరుగుతుంది. చేతిలో పట్టుకొనే డ్రిల్లుకు కార్బైడు బిట్టు బిగించి ఇనుము మీద పెడితే, చేయి కాస్త వణికినా చాలు, ఫటిల్లుమంటుంది. కదలని మెషీను, వైసులో బిగించిన పని ఉన్నప్పుడే దాని జోలికి పోవలెను.

గోడకు వేసే బిట్టు మొనమీద అంటించి ఉండేది కూడ కార్బైడు ముక్కే. "గట్టిదే గదా, ఇనుముకు పనికిరాదా?" అని అడుగుతారు. అది సుత్తివలె కొట్టి ఇటుకను పిండిచేయడానికి మొండిగా చేసిన మొన. ఇనుమును పిండిచేయలేము, చెక్కి తీయవలెను. కిటికీ గ్రిల్లు మీద అది తిరిగి తిరిగి మెరుగు పెట్టడం తప్ప ఏమీ చేయదు.

మరి ఈ బంగారపు రంగు? మంచి కంపెనీలవారు వేసే ఆ పూత టైటానియం నైట్రైడు. మందం కొద్ది మైక్రాన్లే. నిజంగానే రాపిడి తగ్గిస్తుంది. కాని లోపల ఉన్న ఉక్కు మంచిదైతేనే ఆ పూతకు అర్థం. ఒకసారి సాన పట్టగానే మొనమీది పూత పోతుంది, గాళ్ళలో మాత్రమే మిగులుతుంది. నాసి ఉక్కుకు ఆ రంగు వేసి అమ్మడం చాలా తేలిక. అంగడిలోగాని, ఇప్పుడు ఇంటికే తెచ్చి ఇచ్చే అమ్మకాలలోగాని, పెట్టెలో వంద బిట్లు కారుచౌకగా మెరుస్తూ కనబడితే, ఆ మెరుపు మీద నమ్మకం పెట్టుకోకండి.

రంగు తీసివేసి లోపలి ఉక్కును పరీక్షించే ఉపాయం ఒకటి ఉన్నది. బిట్టును వెనుకవైపునుండి ఎమెరీ చక్రానికి ఒక్క క్షణం ఆనించండి. రవ్వలు తెల్లగా, పసుప్పచ్చగా, విరివిగా లేచి, కొనలలో పువ్వుల్లా చిట్లితే అది కార్బను ఉక్కు. రవ్వలు తక్కువగా, మసక ఎరుపుగా, చిట్లకుండా తెగి తెగి పడితే అది హైస్పీడు స్టీలు. శివకాశి పక్కన పుట్టినవాళ్ళం. నిప్పురవ్వల తేడా మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ రాత్రి మా వాడి పట్టరైకి పోయి, వాడి పదకొండింటిలో ఒకదానిని అలా ఆనించి చూపినాను. చిచ్చుబుడ్డి కాల్చినట్లయినది. వాడి ముఖం చూడలేకపోయినాను.

అయితే, నేను ముందే అన్నాను, అది సగం సంగతే. వాడు మంచి హైస్పీడు బిట్టు పెట్టినా ఆ పని చెడి ఉండేది. ఎందుకంటే బిట్టును ఎంచుకోవడమంటే ఉక్కును ఎంచుకోవడమొక్కటే కాదు. ముందుగా, తొలవబోయే లోహం ఎటువంటిదో తెలిసి ఉండవలెను.

మనం ఎవర్‌సిల్వర్ అని ఇంట్లో ముద్దుగా పిలుచుకొనే ఈ స్టెయిన్‌లెస్ స్టీలు చూడడానికి సాధువు. దానికి ఒక చెడ్డ గుణం ఉన్నది. దానిని కోయకుండా ఊరికే రుద్దితే, రుద్దినచోట గట్టిపడిపోతుంది. మెత్తని ఇనుముకు ఆ గుణం ఇంతగా లేదు. కనుక స్టెయిన్‌లెస్ మీద బిట్టు తిరుగుతున్నంతసేపూ కోస్తూనే ఉండవలెను. ఒత్తిడి సడలించి ఒక్క క్షణం ఊరికే తిరగనిస్తే, అడుగున అద్దంలా నున్నని పొర ఏర్పడుతుంది. తరువాత ఎంత అదిమినా అది లొంగదు. మా వాడి తొమ్మిది సగం బెజ్జాల అడుగునా ఉన్నది ఆ అద్దమే. సెంటర్ పంచుతో గట్టిగా బాదినా ఆ చోటు అంతే గట్టిపడుతుంది. వాడు బాదినాడు కూడ, పాపం, గురుతు బాగా కనబడవలెనని.

ఇక వేగం. వాడు వాడినది చేతి డ్రిల్లు. నిమిషానికి 2,800 చుట్లని దాని ఒంటిమీదే వ్రాసి ఉన్నది. ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టు ఆ వేగంతో తిరిగితే, దాని అంచు నిమిషానికి డెబ్బై మీటర్ల దూరం పరుగెత్తుతున్నదన్నమాట. స్టెయిన్‌లెస్‌కు హైస్పీడు బిట్టు పది మీటర్లు, మహా అయితే పదిహేను మీటర్లు ఓర్చుకొంటుంది. మెత్తని ఇనుముకైతే ఇరవైయైదు మీటర్లు. పోత ఇనుముకు ఇంచుమించు ఇరవై. ఇత్తడికి అరవై. అల్యూమినియానికి ఎనభై అయినా పరవాలేదు. వీటిని చుట్లలోకి మార్చడానికి మేస్త్రి గారు చెప్పిన లెక్క ఇది: మీటర్లను 320తో గుణించి, బిట్టు మిల్లీమీటర్లతో భాగించడమే. పది మీటర్లు, ఎనిమిది మిల్లీమీటర్లు: నాలుగు వందల చుట్లు. అదే బిట్టుకు మెత్తని ఇనుము మీద వేయి చుట్లు, ఇత్తడి మీద రెండువేల నాలుగు వందలు. బిట్టు సన్నబడినకొద్దీ వేగం పెరగవలెను, లావెక్కినకొద్దీ తగ్గవలెను. మనవాళ్ళు చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు; లావు బిట్టుకు బలం కావలెనని వేగం పెంచుతారు.

నెమ్మదిగా తిప్పితే పని ఆలస్యమవుతుందని మా వాడి భయం. నాలుగు వందల చుట్లలో, చుట్టుకు మిల్లీమీటరులో పదోవంతు దిగినా, నిమిషానికి నలభై మిల్లీమీటర్లు దిగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల పట్టీకి, మొన పూర్తిగా దాటడానికి కూడ కలుపుకొని, పది సెకండ్లు పట్టదు. వాడు 2,800 చుట్లతో ఒక్కొక్కదానికి పావుగంట అరిపించినాడు.

మొన సంగతి కూడ చెప్పవలెను. అంగడిలో దొరికే మామూలు బిట్టు మొన 118 డిగ్రీల కోణంతో ఉంటుంది. మెత్తని ఇనుముకు, పోత ఇనుముకు అది సరి. గట్టి ఉక్కుకు, స్టెయిన్‌లెస్‌కు 135 డిగ్రీల మొన మేలు; అది కాస్త పళ్ళెం వాటంగా ఉంటుంది. రెండు కోత అంచులూ కలిసేచోట, బిట్టు నడిమధ్యన, ఉలివంటి చిన్న గీత కనబడుతుంది. చిత్రమేమంటే, ఆ గీత కోయదు. లోహాన్ని పక్కకు నెట్టుతుంది. మనం అదిమే బలంలో పెద్ద భాగం అక్కడే ఖర్చవుతుంది. అందుకే పెద్ద బెజ్జానికి ముందు చిన్న బెజ్జం వేసుకొంటాము. ఆ చిన్నది ఈ గీత వెడల్పుకన్న కొంచెం పెద్దదైతే చాలు. ఎనిమిదింటికి మూడు సరి. ఆరు వేసినారంటే మూలలమీదే భారమంతా పడి అవి చిట్లుతవి. 135 డిగ్రీల బిట్లలో చాలామట్టుకు ఆ గీతనే చీల్చి, అక్కడ కూడ రెండు చిన్న అంచులు తీస్తారు. అటువంటిది పెట్టినచోటునుండి జారదు. పంచు గురుతు తేలికగా ఉన్నా చాలును.

ఇత్తడి మరొక రకం మనిషి. మా చిన్నాయన గారింట్లో పెద్ద దీపపు సెమ్మె ఉండేది. దాని కాడ వదులయితే, మేకు బిగించడానికి బెజ్జం వేసిపెట్టమని పిన్నమ్మ పిలిచినది. అప్పటికి నేను మిల్లులో చేరి ఏడాది. కొత్త పదునైన బిట్టు పెట్టినాను, పిన్నమ్మ మెచ్చుకొంటుందని. రెండు చుట్లు తిరిగిందో లేదో, బిట్టు ఇత్తడిలోకి మరమేకులా తనంతట తానే దూసుకొనిపోయి, సెమ్మె నా చేతిలోనుండి ఎగిరి గోడకు తగిలినది. కాడకు పడిన సొట్ట ఇప్పటికీ ఉన్నది, దీపావళికి దీపం పెట్టినప్పుడల్లా నన్నే చూస్తుంది. మేస్త్రి గారికి చెబితే నవ్వి, బిట్టు కోత అంచును సానరాయితో ఒక్కసారి నిట్టనిలువుగా తుడిచి ఇచ్చినారు. ఆ సన్నని చదును ఉంటే అంచు ఇత్తడిని కొరికి లాక్కోదు, గీకి తీస్తుంది. ఇత్తడి పనికి నేను నాలుగు బిట్లు అలా తుడిచి, విడిగా డబ్బాలో ఉంచుతాను. అవి ఉక్కుకు మళ్ళీ పనికిరావు. అల్యూమినియానికి మెలిక ఎక్కువ నిటారుగా కాక వాలుగా, గాళ్ళు విశాలంగా ఉన్న బిట్టు కావలెను. అది బిట్టుకు అతుక్కొంటుంది కనుక కిరసనాయిలు చుక్క వేస్తూ ఉండవలెను. పోత ఇనుముకు నూనె వద్దు. దాని రజను పొడి, నూనె తగిలితే బురదై గాళ్ళను మూసివేస్తుంది. ఉక్కుకు పాలనీళ్ళలా కలిపిన కూలెంటు మంచిది. స్టెయిన్‌లెస్‌కు చిక్కని కటింగు నూనె; అది లేనినాడు కొబ్బరినూనె అయినా మేలే.

పలుచని రేకు గురించి చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. నా ఎడమ అరచేతిలో అడ్డంగా ఒక మచ్చ ఉన్నది. కొందరు జ్యోతిష్కులు దానిని విదేశయాన రేఖ అని చెప్పినారు. అది ఒక మిల్లీమీటరు రేకు చేసిన గీత. పన్నెండు మిల్లీమీటర్ల మామూలు బిట్టుతో రేకుకు బెజ్జం వేస్తూ, దానిని చేత్తోనే పట్టుకొన్నాను. మొన అటువైపు బయటపడే క్షణంలో అంచులు రేకును కరచి పట్టుకొన్నవి. రేకు కత్తిలా గిర్రున తిరిగినది. ఏడు కుట్లు పడినవి. రేకును పైనా కిందా చెక్కపలకల మధ్య పెట్టి బిగించవలెను. లేదా, మధ్య చిన్న ముల్లు, చుట్టూ అంచులు ముందు తెగేటట్లు సాన పట్టిన చదును మొన బిట్టు వాడవలెను. ఇప్పుడు మెట్లు మెట్లుగా ఉండే శంఖంవంటి స్టెప్పు బిట్లు దొరుకుతున్నవి. రేకుకు అవి చాలా మంచివి. ఇంకొక మాట: చేతికి తొడుగు వేసుకొని డ్రిల్లింగు మెషీను దగ్గరికి పోకండి. కాపాడుతుందనుకొన్న తొడుగే చిక్కుకొని వేళ్ళను లాగుతుంది.

కొలతల గొడవ మన మిల్లుల పనివాళ్ళకు ప్రత్యేకం. ఒకనాడు దక్షిణదేశపు మిల్లులకు యంత్రాలు ఎక్కువగా ఇంగ్లండులోని లాంకషైరునుండి వచ్చేవి. వాటి మరలు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన అంగుళాల మరలు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినది. తరువాతి యంత్రాలకు మిల్లీమీటర్ల మరలు. ఒకే షెడ్డులో రెండూ ఉండేవి. మర తీయడానికి ముందు వేసే బెజ్జం దేనికి ఎంత అన్నది తెలియక ఎన్ని టాపులు విరిగినవో! ఆరు మిల్లీమీటర్ల మామూలు మరకు 5 బిట్టు, ఎనిమిదింటికి 6.8, పదింటికి 8.5, పన్నెండింటికి 10.2. అర అంగుళం విట్‌వర్త్‌కు మాత్రం 10.5. మిల్లీమీటర్లవాటికి మర వ్యాసంలోనుండి మర నడుమ దూరం తీసివేస్తే లెక్క వచ్చేస్తుంది. ఇది తప్పి బిట్టు సన్నదైతే టాపు విరిగి లోపలే ఉండిపోతుంది. విరిగిన టాపును తీసేకన్న విరిగిన పెళ్ళి సంబంధం కుదర్చడం తేలిక.

ఇన్నిటిలోనూ నేను అన్నిటికన్న పెద్దదిగా చూసేది సానను. ఎంత మంచి బిట్టయినా రెండు అంచులూ పొడవులోనూ వాలులోనూ సమానంగా లేకపోతే, ఒక్క అంచే పని చేస్తుంది, బెజ్జం బిట్టుకన్న పెద్దదవుతుంది. అంచు వెనుక భాగం పది డిగ్రీలు అటూఇటూగా కిందికి వాలి ఉండవలెను; వాలు లేకపోతే మడమ ఆనుకొని రుద్దుతుంది, మరీ వాలితే అంచు పలుచనై చిట్లుతుంది. సరిగా ఉన్నదో లేదో రజనే చెబుతుంది. మెత్తని ఇనుము మీద రెండు గాళ్ళలోనుండీ రెండు ఉంగరాల జుట్టులు సమానంగా లేచి రావలెను. ఒకవైపే వస్తున్నదంటే మళ్ళీ సానకు పొమ్మన్నమాట. సాన పట్టేటప్పుడు కార్బను ఉక్కును మాటిమాటికీ నీళ్ళలో ముంచవలెను. హైస్పీడు స్టీలు బాగా వేడెక్కిన తరువాత నీళ్ళలో ముంచకూడదు. కంటికి కనబడని బీటలు వస్తవి. దానిని గాలికి ఆరనివ్వవలెను. ఒకదానికి మంచిది మరొకదానికి చెరుపు.

ఇంట్లో నాలుగు బిట్లు ఉంచుకోదలచినవారు వంద బిట్ల పెట్టె కొనవద్దు. పేరున్న కంపెనీవి, మెడమీద గురుతు స్పష్టంగా కొట్టినవి, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్లవి హైస్పీడు బిట్లు తీసుకొండి. మా రోజుల్లో మా డబ్బాలో ఉన్నవి ఎక్కువగా మద్రాసు ఆడిసన్ వారివి. వాటిలో రెండు సగం పొడవు అరిగి కూడ ఇంకా నా దగ్గర పని చేస్తున్నవి. పొడుగాటి బిట్టు చూడడానికి ఘనంగా ఉంటుంది గాని, అవసరం లేనిచోట పొట్టిదే మంచిది. పొడుగుది వంగుతుంది, వణుకుతుంది, విరుగుతుంది.

ఇక మా వాడి సంగతి. శుక్రవారం పొద్దున అంగడి తెరవగానే పోయి 135 డిగ్రీల కోబాల్టు బిట్లు తెచ్చినాము. పదకొండు బిట్లకు పెట్టిన డబ్బుకు ఇవి మూడే వచ్చినవి. చేతి డ్రిల్లు పక్కన పెట్టించి, మూల దుమ్ము కొట్టుకొని ఉన్న స్తంభపు డ్రిల్లింగు మెషీనుకు బెల్టు మార్పించి, నాలుగు వందల చుట్లకు తెచ్చినాను. పట్టీకి ఆనుకొనే దిమ్మ ఒకటి బిగించినాము, ప్రతిదానికీ గురుతు పెట్టుకోనక్కర లేకుండా. మొదటి బెజ్జానికి మా వాడు అలవాటు చొప్పున చేయి సడలించబోయినాడు. "దించు నాయనా, దించు! దిగేదాకా ఆపకు," అన్నాను. తెల్లని రజను రెండు తీగెలుగా లేచి వచ్చినది. అరుపు లేదు, పొగ లేదు. వాడు బెజ్జాన్ని వెలుగుకు పట్టి చూసి, ఏమీ అనకుండా రెండవ పట్టీ పెట్టినాడు.

సగంలో ఆగిన తొమ్మిదింటినీ చివరకు ఉంచినాము. పట్టీని తిరగవేసి, గట్టిపడని వెనుక వైపునుండి కొత్త బిట్టు దించితే అయిదు దారికి వచ్చినవి. నాలుగు రాలేదు, మూడు పట్టీలు పాడైనవి. శనివారం పొద్దునకు బదులు రాత్రి తొమ్మిదింటికి చత్రపట్టి చేర్చినాడు. ఆ ఆసామి లెక్కపెట్టుకొని, మూడు పట్టీల వెల మినహాయించుకొని మిగతాది ఇచ్చినారట. మా వాడికి మిగిలినది అంతంతమాత్రమే. మూడు కోబాల్టు బిట్లలో ఒకటి చివరలో మొండిబారినది. మిగతా రెండూ బాగానే ఉన్నవి.

మరునాటి ఆదివారం వాడు మళ్ళీ వచ్చి, ఆ మొండిబారిన బిట్టుకు సాన పట్టడం నేర్పమన్నాడు. మేస్త్రి గారు నాకు ఇచ్చిన ఇత్తడి గేజి ఒకటి ఉన్నది. 59 డిగ్రీలకు కోసిన చిన్న పలక, మామూలు మొన ఒక్కొక్క అంచునూ దానికి ఆనించి సరిచూసుకొనేది. కోబాల్టుది పక్కన పెట్టి, పాత మామూలు బిట్లు డబ్బాడు ముందు పోసి, ఆ గేజి వాడి చేతిలో పెట్టినాను. మొదట పట్టి తెచ్చినది చూసి మాట లేకుండా డబ్బాలో పడవేసినాను. వాడు అరిచేతులు చూసుకొని నవ్వినాడు. గేజి ఇంకా తిరిగి ఇవ్వలేదు.